పోయిన ఐతారం రాకపోతివి

పట్నం శివార్లలో ఇల్లు దొరుకుతుంది, మంజీరా నీళ్ళ కనెక్షను దొరుకుతుంది, పిల్లలకు బడి దొరుకుతుంది. నాలుగు రోజులు కనపడకపోతే ‘ఏమైంది?’ అని అడిగే మనిషి మాత్రం అంత తేలిగ్గా దొరకడు. అల్వాల్‌లో ఉంటున్న నాకు ఏళ్ళు గడిచేకొద్దీ ఈ సంగతి మరింత స్పష్టంగా తెలిసివస్తోంది. లోతుకుంట నుంచి మచ్చబొల్లారం దాకా, అక్కణ్ణుంచి శామీర్‌పేట దారి పొడవునా కొత్త కాలనీలు లేస్తూనే ఉన్నాయి. మెదక్, సిద్దిపేట, కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాళ్ళు, గుంటూరు, ఒంగోలు నుంచి ఉద్యోగాల కోసం వచ్చినవాళ్ళు, కంటోన్మెంటులో కొలువు చేసి ఇక్కడే ఇల్లు కట్టుకున్న మాజీ సైనికులు, అందరూ పక్కపక్కనే ఉంటారు. పక్క ఫ్లాటులో ఎవరున్నారో తలుపు మీది పేరు చదివి తెలుసుకోవాలి. ఆ పేరు మారిన రోజున పాతవాళ్ళు వెళ్ళిపోయారని తెలుస్తుంది.

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉండేది. మెదక్ పల్లె నుంచి కొడుకు వెంట వచ్చిన మనిషి. చదువు లేదు. కీర్తనలన్నీ కంఠతా వచ్చు. ఆరాధన అయ్యాక గుడి మెట్ల దగ్గర నిలబడి, వచ్చేవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూసేది. ఒక వారం మానేసి వెళ్ళినవాళ్ళ చెయ్యి పట్టుకుని, “పోయిన ఐతారం రాకపోతివి, పానం మంచిగ లేదా బిడ్డా?” అనేది. సంఘ సహవాసం మీద నేను చాలా ప్రసంగాలు విన్నాను, కొన్ని పుస్తకాలు చదివాను. నా మనసులో నిలిచినది ఈ మాటే. మనం లేని సంగతి ఎవరికో ఒకరికి తెలియాలి, తెలిసి ఊరుకోలేకపోవాలి. సహవాసానికి నేను చెప్పుకునే అర్థం ఇంతే. పాటలు, విందులు, పండుగలు అన్నీ దీని చుట్టూ అల్లుకున్నవే.

సంఘంలో ఏడాది పొడవునా జరిగే పనులను ఈ కంటితో చూస్తే వాటి పొందిక అర్థమవుతుంది. డిసెంబరు వచ్చిందంటే యువజన సంఘం పిల్లలు క్యారల్స్ పట్టీ రాస్తారు. ఏ రాత్రి వెంకటాపురం, ఏ రాత్రి కానాజిగూడ, ఏ రాత్రి యాప్రాల్ అని ఇళ్ళ వారీగా పేర్లు వేసుకుంటారు. డోలక్, తంబురీన్, గిటార్, కర్రకు కట్టిన వెలుగుల నక్షత్రం పట్టుకుని చలిలో ఇల్లిల్లూ తిరుగుతారు. చూసేవాళ్ళకు పాటలు, టీ, కేకు ముక్కలు కనపడతాయి. ఆ పట్టీ రాసే పిల్లలకు తెలిసేది వేరు. ఫలానావాళ్ళు ఇల్లు మారారు, కొత్త చిరునామా కనుక్కోవాలి. ఫలానా ఇంట్లో ఈ ఏడాది ఒకరు ప్రభువునందు నిద్రించారు, అక్కడ డోలక్ వాయించకూడదు, నెమ్మదిగా ఒక్క పాట పాడి ప్రార్థన చేసి రావాలి. ఫలానా ఇంట్లో అబ్బాయి ఊరు విడిచి వెళ్ళాడు, తల్లిదండ్రులిద్దరే ఉంటారు, అక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి. పదహారేళ్ళ పిల్లలు ఇంత సున్నితమైన విషయాలు ఏ తరగతిలో నేర్చుకుంటారు?

డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో ఆ ఏడాది గతించినవాళ్ళను పేరు పేరునా తలుచుకుంటాం. కొత్త ఏడాదికి వాగ్దాన వచనం కార్డు తీసుకుని ఇంటికి వెళ్తాం. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో కూడికలు గుడి దాటి ఇళ్ళలోకి వస్తాయి. స్త్రీల మైత్రి వాళ్ళు వారానికొక ఇల్లు ఎంచుకుంటారు. ఆ ఎంపికలో మంచం పట్టినవాళ్ళ ఇల్లు ముందుంటుంది. మంచి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడుగురు ధ్యానిస్తారు. అయ్యగారొక్కరే కాదు, బ్యాంకు గుమాస్తా, నర్సు, డిగ్రీ చదివే అమ్మాయి కూడా మాట్లాడతారు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో సూర్యోదయ ఆరాధన. మే నెలలో పిల్లలకు సెలవుల బైబిలు బడి, అంటే వీబీఎస్. దానికి వీధిలోని ఇతర మతాల పిల్లలూ పాటల కోసం, బొమ్మల కోసం వస్తారు. కోతల కాలంలో పంట పండుగ. నవంబరు 2న మళ్ళీ సమాధుల దగ్గరికి వెళ్ళి కలుపు పీకి, సున్నం వేసి, పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఎవరి సమాధి దగ్గర దీపం లేదో ఆ సాయంత్రం అందరికీ కనపడుతుంది. పక్కవాళ్ళే తమ కొవ్వొత్తుల్లో ఒకటి అక్కడ నిలబెడతారు.

ఈ పండుగలన్నీ నా కళ్ళకు బడిలో హాజరుపట్టీలా కనపడతాయి. పేరు పిలిచినప్పుడే కదా ఎవరు రాలేదో తెలిసేది.

మరి పండుగలే వద్దన్న సంఘం సంగతి ఏమిటి? క్రైస్తవుల్లో అలాంటివాళ్ళు ఉన్నారు. వాళ్ళే క్వేకర్లు. తమను తాము ‘స్నేహితులు’ అని పిలుచుకుంటారు. 17వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండులో జార్జ్ ఫాక్స్ బోధతో పుట్టిన సంఘం అది. దేవుని వెలుగు ప్రతి మనిషిలోనూ ఉందని వాళ్ళ నమ్మకం. అందువల్ల గురువు అక్కర్లేదన్నారు, బాప్తిస్మపు నీళ్ళు, ప్రభువు బల్ల కూడా అక్కర్లేదన్నారు. ఒక గదిలో చేరి మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపల ప్రేరణ కలిగితే లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటారు. చివర్లో పక్కవాళ్ళతో చేతులు కలిపి లేస్తారు. అన్ని రోజులూ దేవుడివే అయినప్పుడు ఒక రోజుకు ప్రత్యేకత ఎందుకని తొలితరం క్వేకర్లు క్రిస్మస్, ఈస్టర్‌లను సైతం పాటించలేదు. నెలలనూ వారాలనూ పేర్లతో కాకుండా అంకెలతో పిలిచారు. మొదటి దినం, రెండో దినం, మూడో నెల, నాలుగో నెల, అంతే. తర్వాతి కాలంలో అమెరికాలోనూ, ఇప్పుడు అన్ని దేశాలకంటే ఎక్కువగా క్వేకర్లు ఉన్న కెన్యాలోనూ పాస్టర్లు, పాటలు, పండుగలు ఉన్న క్వేకర్ చర్చిలు వెలిశాయి. మౌనంగా కూడుకునే పాత పద్ధతీ కొనసాగుతోంది.

పండుగలు తీసేశాక వాళ్ళ సహవాసం దేని మీద నిలబడింది? నాకు ఆసక్తి కలిగించిన ప్రశ్న ఇది. వాళ్ళు పండుగల చోట సమావేశాలు పెట్టుకున్నారు. నెలకొకటి, మూడు నెలలకొకటి, ఏడాదికొకటి. రాజ్యం వాళ్ళను చెరసాలల్లో కుక్కుతున్న కాలం అది. ఎవరిని పట్టుకుపోయారు, ఎవరి సామాను జప్తు చేశారు, ఎవరి భార్యాపిల్లలకు తిండి లేదు అని లెక్క రాసి సాయం అందించడానికి 1670ల్లో లండనులో ఒక ప్రత్యేక సభే ఏర్పాటు చేశారు. ‘బాధల సభ’ అని దాని పేరు. 1682లో లండను వార్షిక సమావేశం ఊరూరి ప్రతినిధులను కొన్ని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. వాటి తాత్పర్యం ఇది: పోయిన సమావేశం తర్వాత మీ దగ్గర పరిచారకుల్లో ఎవరు గతించారు? చెరసాలలో ఉండి ప్రాణం విడిచినవాళ్ళు ఎవరు? సత్యం మీ మధ్య ఎలా వర్ధిల్లుతోంది, మీరంతా సమాధానంగా ఉన్నారా?

మొదటి రెండు ప్రశ్నలూ లేనివాళ్ళ గురించే. సత్యం గురించి అడిగే ముందు మనుషుల గురించి అడిగారు. చదివినప్పుడు నాకు మా పెద్దమ్మ గొంతు వినిపించింది. చదువు రాని ఆమెకు లండను క్వేకర్ల గురించి తెలిసే వీలు లేదు. అయినా ఆమె అడిగినదీ, వాళ్ళు అడిగినదీ ఒకటే.

అదే 1682లో బ్రిస్టల్ నగరంలో క్వేకర్లలో పెద్దవాళ్ళను దాదాపు అందరినీ జైలుకు పంపారు. అప్పుడు పిల్లలే ఆరాధన నిలబెట్టారు. అధికారులు కొట్టినా, బెదిరించినా వాళ్ళు మానకుండా కూడుకున్నారు. మా వీబీఎస్‌లో గోల చేసే పిల్లలను చూసినప్పుడల్లా ఆ పిల్లలు గుర్తొస్తారు. పిల్లలను సంఘంలో మనం పెంచుతున్నామని అనుకుంటాం. ఒక్కోసారి సంఘాన్ని వాళ్ళే పెంచుతారు.

మన దేశంలో క్వేకర్ల చిరునామా మనకు మరీ దూరమేమీ కాదు. ఇక్కణ్ణుంచి ఢిల్లీ వెళ్ళే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఇటార్సీ దాటి నర్మద వంతెన ఎక్కే ముందు హోషంగాబాద్ మీదుగా పోతుంది. ఇప్పుడు ఆ ఊరి పేరు నర్మదాపురం. 1866లో మన దేశానికి వచ్చిన రేచల్ మెట్‌కాఫ్ అనే క్వేకర్ వనిత పరిచర్యతో ఆ ప్రాంతంలో వాళ్ళ పని వేళ్ళూనుకుంది. 19వ శతాబ్దం చివర్లో వరసగా వచ్చిన కరువుల్లో అనాథలైన పిల్లలను అక్కడి స్నేహితులు చేరదీశారు. ఆ పక్కనే రసూలియాలో గ్రామసేవా కేంద్రం నడిపారు. 1928లో మద్రాసుకు టీచరుగా వచ్చిన మార్జరీ సైక్స్ తర్వాత క్వేకర్ల సంఘంలో చేరి, టాగూరు దగ్గరా గాంధీ ఆశ్రమంలోనూ పనిచేసి, రసూలియాలో కూడా కొన్నేళ్ళు గడిపింది. యుద్ధాల్లో రెండు పక్షాల బాధితులకూ అన్నం పెట్టిన బ్రిటిష్, అమెరికన్ క్వేకర్ల సేవాసంస్థలకు 1947లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆయుధం పట్టబోమన్న ప్రమాణంలో వాళ్ళకు తోబుట్టువులైన మెన్నోనైట్లు మన తెలంగాణలోనే ఉన్నారు. 1899 నుంచి అమెరికా మెన్నోనైట్ బ్రదరెన్ వాళ్ళు హైదరాబాదు రాజ్యంలో పనిచేశారు. నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, జడ్చర్ల, శంషాబాద్ ప్రాంతాల్లో వాళ్ళ సంఘాలు ఇవాళ్టికీ నిండుగా ఉన్నాయి.

కరువు ప్రస్తావన వచ్చాక మెదక్ గురించి చెప్పకుండా ఉండలేను. క్రిస్మస్‌కు మా వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే అక్కడికి వెళ్తాయి. ఇప్పుడైతే బొల్లారం మీదుగా మెదక్‌కు రైలే ఉంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ కట్టించిన కెథడ్రల్ అది. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. గంట గోపురం ఎత్తు 175 అడుగులు. కరువుతో అల్లాడుతున్న పల్లెల జనానికి ఆ కట్టడం పనీ అన్నమూ ఇచ్చింది. మా పెద్దమ్మ అత్తగారి తరంవాళ్ళు ఆ రాళ్ళు మోసినవాళ్ళే. గోపురం చూసి ముచ్చటపడేవాళ్ళకు ఆ మెతుకుల చరిత్ర కూడా చెప్పాలి. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో చూసిన కళ్ళు లేకపోతే ఆ రాయి మీద రాయి నిలిచేది కాదు. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య గారు ఇక్కడికి తూర్పున డోర్నకల్లులో పంట పండుగలను పల్లె సంఘాల ఊపిరిగా తీర్చారు. రైతుకూలీలు కొత్త ధాన్యాన్ని గంపల్లో తెచ్చి దేవుని సన్నిధిలో పోసేవారు. ఏమీ లేదనుకున్న మనిషి ఇచ్చే చెయ్యిగా మారడం ఆయన చూడాలనుకున్న అద్భుతం. అన్నం వండే ప్రతిసారీ పిడికెడు బియ్యం పక్కన తీసి గుడికి తెచ్చే అలవాటు తెలుగు క్రైస్తవ స్త్రీలకు ఇప్పటికీ ఉంది.

మా పంట పండుగ ఆ పండుగకు పట్నం చుట్టం. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ ద్రాక్షతోటలు ఉండేవి. వరిమళ్ళు ఉండేవి. చాలావాటిలో ఇప్పుడు వెంచర్ల హద్దురాళ్ళు కనపడతాయి. అయినా పండుగ ఆగలేదు. ఊళ్ళో భూమి ఉన్నవాళ్ళు వడ్ల బస్తా తెప్పిస్తారు. ఇంటి ముందు నాలుగడుగుల చోటు ఉన్నవాళ్ళు సొరకాయో, మునక్కాయలో, కరివేపాకు కట్టో తెస్తారు. అదీ లేనివాళ్ళు బియ్యం సంచీ, కొబ్బరికాయ, కోడిగుడ్లు తెస్తారు. ఆరాధన తర్వాత వేలం పాట. ఒక పెద్దాయన గుమ్మడికాయ ఎత్తి పట్టుకుని ఒకటోసారి, రెండోసారి అని కేక వేస్తుంటే పిల్లలు కేరింతలు కొడతారు. ఒంటరిగా ఉండే ఒక అమ్మ తెచ్చిన కరివేపాకు కట్టను ఒకసారి బజారు ధరకు ఎన్నో రెట్లు పెట్టి పాడుకున్నారు. ఆమె ముఖంలో వెలుగు చూడటానికి అక్కడున్నవాళ్ళంతా ఆ పాటలో కలిశారు.

అంతకంటే ముఖ్యమైనది మరొకటి జరుగుతుంది. “ఏటా వాళ్ళింటి సొరకాయ వచ్చేది, ఈసారి రాలేదేం?” అని ఎవరో అంటారు. ఆ మధ్యాహ్నమే ఇద్దరు వెళ్ళి చూస్తే, పాదు నాటే ముసలాయన నడవలేక పడుకుని ఉంటాడు. ఆయన సంగతి చెప్పడానికి ఎవరూ లేరు. రాని సొరకాయే చెప్పింది.

సహవాసానికి ఎదురుగా నిలిచేది ద్వేషమని అనుకుంటాం గానీ, పక్కనున్నవాళ్ళ సంగతి మనకు పట్టకపోవడమే అసలు ప్రమాదం. దానికి మా బొల్లారంలోనే ఒక పాఠం ఉంది. 1855 సెప్టెంబరులో ఇక్కడి హైదరాబాద్ కంటింజెంట్ దళానికి బ్రిగేడియర్ కాలిన్ మెకెంజీ అధిపతి. ఆ ఏడు మొహర్రం రోజుల్లో ఆదివారం కలిసింది. ఆదివారపు ప్రశాంతతకు భంగమని ఆయన ఆ రోజు ఊరేగింపు జరగకూడదని ఆజ్ఞ వేశాడు. కోపించిన అశ్వికదళ సిపాయిలు ఆయన మీద కత్తులు దూశారు. తీవ్రమైన గాయాలతో బతికి బయటపడ్డాడు. కత్తి ఎత్తడం ఎవరు చేసినా తప్పే. కానీ తన విశ్రాంతి దినాన్ని కాపాడుకునే తొందరలో పక్కవాళ్ళ శోక దినాన్ని చూడలేకపోయిన భక్తి ఎంత ప్రమాదకరమో ఆ సంఘటన చెబుతుంది. ఆ కంటోన్మెంటులోనే 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి ఉంది. 1983 నవంబరు 20న ఎలిజబెత్ రాణి తన పెళ్ళిరోజున అక్కడ ప్రార్థన చేసింది. చర్చి చూడటానికి వచ్చేవాళ్ళు రాణి గురించి అడుగుతారు. నాకైతే వాళ్ళతో 1855 గురించి కూడా మాట్లాడాలని ఉంటుంది. ఆషాఢంలో బోనాలు మా వీధి గుండా వెళ్తాయి, రంజాన్ సాయంత్రాల్లో హలీం గిన్నె మా ఇంటికి వస్తుంది, డిసెంబరులో మా కేకు వాళ్ళ ఇళ్ళకు వెళ్తుంది. ఒకరి పండుగ ఇంకొకరికి తెలియడమంటే ఒకరి దుఃఖం కూడా తెలిసే దారి తెరిచి ఉంచడం.

ఇప్పుడు నాకున్న బెంగ చెబుతాను. పండుగలు మిగిలి, పలకరింపు పోయే కాలం వస్తోంది. వేలమంది పట్టే మందిరాలు కట్టుకుంటున్నాం. పెద్ద తెరలు, మంచి సౌండు, కెమెరాలు అన్నీ ఉన్నాయి. పాట గొప్పగా ఉంటుంది. కానీ మూడు వారాలు రాని మనిషి ఏ వరసలో కూర్చునేవాడో ఎవరికీ తెలియదు. క్యారల్స్ పట్టీలో కానుక బాగా ఇచ్చే ఇళ్ళు ముందుకు, అద్దెగదుల్లో ఉండేవాళ్ళు వెనక్కు జరిగిన చోట్లు ఉన్నాయి. ఒకే గిన్నెలోంచి ద్రాక్షారసం తాగినవాళ్ళు పెళ్ళి సంబంధాల దగ్గర కులం అడిగే చోట్లూ ఉన్నాయి. ఒక బల్ల దగ్గర కూర్చుని, లేచాక విడిపోయేది సహవాసం కాదు. సంఖ్య పెరగడం నాకు సంతోషమే. ఎంతమంది వచ్చారన్న లెక్కతో పాటు ఎవరు రాలేదన్న లెక్క కూడా ఎవరో ఒకరు రాయాలని నా ఆరాటం.

ఆ లెక్క రాయగలమని 2020 మాకు చూపించింది. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ 12న ఈస్టరు వచ్చింది. సమాధుల తోటకు తాళం. అప్పుడు స్త్రీల మైత్రి అమ్మలు సంఘం పుస్తకం ముందు పెట్టుకుని, తలా కొన్ని ఇళ్ళు పంచుకుని ఫోన్లు చేశారు. బియ్యం ఉన్నాయా, బీపీ మాత్రలు ఉన్నాయా, ఊరికి నడిచి వెళ్ళిన కూలీ కుటుంబం చేరిందా అని అడిగారు. గుడి మూసి ఉన్నా సంఘం తెరిచే ఉంది. పండుగలు లేని క్వేకర్ల పద్ధతిలో, అడగడం ఒక్కటే ఆసరాగా మేము ఆ కొన్ని నెలలు బతికాం. ఏళ్ళ తరబడి క్యారల్స్ పట్టీలు రాసిన చేతులు కాబట్టే ఆ ఫోన్లు చేయగలిగాయి. ఎవరి ఇల్లు ఎక్కడో, ఎవరికి ఎవరు లేరో వాళ్ళకు ముందే తెలుసు. పండుగలు నేర్పినది కష్టంలో పనికొచ్చింది.

అందుకే నాకొక కోరిక ఉంది. ప్రతి సంఘంలో ఏడాదికొకసారి జరిగే సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు చదివే ముందు మూడు ప్రశ్నలు చదవాలి. పోయిన ఏడాది మన మధ్య ఉండి ఇప్పుడు లేనివాళ్ళు ఎవరు? రావడం మానేసినవాళ్ళు ఎవరు, వాళ్ళింటికి ఎవరు వెళ్ళారు? మనలో మాట్లాడుకోనివాళ్ళు ఎవరు, వాళ్ళను కలపడానికి ఎవరు పూనుకుంటారు? జవాబులు పేర్లతో రాయాలి, వెళ్ళేవాళ్ళ పేర్లు కూడా రాయాలి. గుడికి రానివాళ్ళు తమ అపార్ట్‌మెంటు సంఘంలో, కాలనీ సంఘంలో ఇవే ప్రశ్నలు అడగవచ్చు. దీనికి మతం అక్కర్లేదు, ఖర్చు అక్కర్లేదు. ఈ డిసెంబరులో క్యారల్స్ పట్టీ రాయడానికి కూర్చునే పిల్లలకు నేను చెప్పదలచుకున్నదీ ఇదే. పోయిన ఏటి పట్టీ పక్కన పెట్టుకుని రాయండి, కొట్టేయబోయే ప్రతి పేరు దగ్గర ఆగండి, ముందు ఆ ఇంటికి వెళ్ళి రండి.